నూరు వరకు గడగడా చెప్తాడు, ఐదు చెంచాలు తెమ్మంటే గుప్పెడు తెస్తాడు

మీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. బాబుకి నాలుగేళ్ల మూడు నెలలు, ఎల్‌కేజీ. వన్ నుంచి హండ్రెడ్ దాకా ఆగకుండా చెప్తాడు, చుట్టాలొస్తే చెప్పించి వీడియో కూడా తీశారు. మొన్న భోజనాల దగ్గర ఐదు చెంచాలు తెమ్మంటే గుప్పెట్లో పట్టినన్ని తెచ్చాడు. అదే వారం స్కూల్లో టీచర్ పిలిచి, నెంబర్లు రాయడంలో వెనకబడ్డాడు, ఇంట్లో రోజూ ఒక పేజీ రాయించండి అన్నారు. అప్పటి నుంచీ మీకు నిద్ర లేదు.

పిల్లవాడు వెనకబడలేదు. నాలుగేళ్లప్పుడు ఇంకా ఇక్కడే ఉండే పిల్లలు తక్కువేమీ కాదు. అయితే మీరు చూసింది మాత్రం సరైన చోటే చూశారు. నూరు దాకా చెప్పడం కంటే ఆ చెంచాల సంగతే ముఖ్యం.

నేను ముప్పై ఒక్క ఏళ్లు ఎస్జీటీగా, అంటే చిన్న తరగతుల టీచర్‌గా చేసి రిటైరయ్యాను. అందులో సగానికి పైగా ఒకటో తరగతే. 1989లో కొత్తగా చేరినప్పుడు నన్ను గోదావరి లంకలో ఒక చిన్న బడికి వేశారు. ఒకటే గది, ఒకరే టీచరు. వయసులో ఉన్నాను, హుషారు ఎక్కువ. మూడు నెలల్లో పిల్లలందరి చేతా నూరు దాకా అనిపించాను. తనిఖీకి వచ్చిన పెద్దాయన ముందు ఒక పిల్లాణ్ని నిలబెట్టి చెప్పించాను. వాడు కళ్లు మూసుకుని నూరు దాకా పాడేశాడు. ఆయన తల ఊపి, "బాగుందిరా, ఆ మూల నుంచి నాలుగు పలకలు పట్రా" అన్నారు. వాడు వెళ్లి చేతుల్లో పట్టినన్ని పలకలు ఎత్తుకొచ్చి ఆయన ఒళ్లో పెట్టాడు. ఆయన నన్నేమీ అనలేదు. పలకలు ఒక్కొక్కటీ బల్ల మీద పెడుతూ వాడితోనే లెక్కపెట్టించారు. తొమ్మిది. నాకు మాత్రం ఆ రోజు అన్నం సయించలేదు.

ఆ పిల్లాడికి, మీ బాబుకి వచ్చింది వరస. పాట వచ్చినట్టు, పద్యం వచ్చినట్టు వచ్చింది. అదీ కావాల్సిందే, తీసిపారేయకండి. కానీ ఆ వరసలోని ఒక్కో మాట ఒక్కో వస్తువు మీద వాలాలి. ఒకదాన్ని వదిలెయ్యకూడదు, ఒకదాన్నే రెండుసార్లు అనకూడదు. చివర అన్న మాటే మొత్తం అని తెలియాలి. ఎటు నుంచి లెక్కపెట్టినా అంతే వస్తుందని తెలియాలి. గెల్మన్, గాలిస్టెల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లో వీటిని విడదీసి చూపించారు. మనకు పెద్దయ్యాక ఇవన్నీ కలిసిపోయి ఒకటే పనిలా కనిపిస్తాయి కాబట్టి, పిల్లలకు ఇవి విడివిడిగా, వేర్వేరు నెలల్లో వస్తాయని తట్టదు.

వీటిలో ఆలస్యంగా వచ్చేవాటిలో ఒకటి "చివరి మాటే మొత్తం" అన్నది. మా మనవరాలికి మూడున్నర ఉన్నప్పుడు ప్లేట్లో నాలుగు ఇడ్లీలు పెట్టి ఎన్ని అన్నాను. వేలు పెట్టి, తాకుతూ, తప్పు లేకుండా "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అంది. "అయితే ఎన్ని ఇడ్లీలమ్మా?" అన్నాను. నా వంక జాలిగా చూసి మళ్లీ మొదటి నుంచి "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అంది. మూడోసారి అడిగితే ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకుంది. దాని దృష్టిలో నాలుగు అనేది ఆ చివరి ఇడ్లీ పేరు. లెక్కపెట్టడం అంటే వేలితో తాకుతూ ఆ మాటలు అనడం, అంతే. "ఎన్ని" అని అడిగితే ఆ పని మళ్లీ చేయమంటున్నాం అనుకుంటుంది.

కాబట్టి పరీక్ష చేయాలనుకుంటే "లెక్కపెట్టు" అని కాకుండా "ఇన్ని ఇవ్వు" అని అడగాలి. ఒక గిన్నెలో పదో పన్నెండో నిమ్మకాయలో బంగాళదుంపలో పెట్టి, ఒకటి ఇవ్వు అనండి. తర్వాత రెండు, తర్వాత మూడు. కారెన్ విన్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1990 ప్రాంతంలో పిల్లల్ని ఇలాగే అడిగి చూసింది. ఒకటి అడిగితే కచ్చితంగా ఒకటే ఇచ్చే పిల్లలు, రెండు అడిగితే గుప్పెడు ఇస్తారు. కొన్ని నెలలకు రెండు పట్టుబడుతుంది, మూడు అడిగితే మళ్లీ గుప్పెడే. ఇలా ఒక్కో మెట్టుకీ నెలలు పడుతుంది. మూడో నాలుగో దాటాక మాత్రం ఒక్కసారిగా తలుపు తెరుచుకున్నట్టు, ఐదైనా ఎనిమిదైనా లెక్కపెట్టి ఇచ్చేస్తారు. సాధారణంగా మూడున్నర, నాలుగేళ్ల మధ్య ఇది జరుగుతుంది. కొందరికి ఇంకొంచెం ఆలస్యం. మీ బాబు ఏ మెట్టు మీద ఉన్నాడో ఇవాళే చూడండి. మూడు దాకా సరిగ్గా ఇస్తుంటే నాలుగు మీద పని చేయండి. నూరు సంగతి మర్చిపోండి.

పని చేయడం అంటే పుస్తకం ముందేసుకుని కూర్చోబెట్టడం కాదు. అన్నం తినేటప్పుడు "ఇంట్లో నలుగురం ఉన్నాం, నలుగురికీ కంచాలు పెట్టు" అనండి. ఒక్కో పీట దగ్గర ఒక్కో కంచం పెట్టడంలోనే జత కలపడం ఉంది. ఒకటి తక్కువైతే వాడికే తెలుస్తుంది, మీరు తప్పు పట్టనక్కర్లేదు. మెట్లు ఎక్కుతూ ఒక్కో మెట్టుకు ఒక్కో మాట. ఉతికిన బట్టలు మడతపెడుతూ సాక్సులు జతలు చేయడం. చివరలో ప్రతిసారీ ఒక్క ముక్క కలపండి: "ఒకటి, రెండు, మూడు. మూడు చపాతీలు!" అని మొత్తాన్ని చేత్తో చుట్టి చూపిస్తూ అనండి. ఆ చుట్టి చూపించడం చిన్న పనిలా ఉంటుంది గానీ, మా మనవరాలికి ఇడ్లీల చిక్కు విడిపోయింది దానివల్లనే అని నా నమ్మకం.

మాటకూ వస్తువుకూ జత కలవడం గురించి ఒక పిల్లాడు నాకే నేర్పాడు. ఒకటో తరగతిలో చింతపిక్కలు పంచి లెక్కపెట్టమంటే వాడు "లాభం, రెండు, మూడు, నాలుగు" అని మొదలుపెట్టాడు. పిల్లలంతా ఒకటే నవ్వు. వాళ్ల తాత కళ్లంలో ధాన్యం కొలిచేటప్పుడు పక్కనే కూర్చునేవాడట. కొలిచేవాళ్లు మొదటి కుంచాన్ని ఒకటి అనకుండా లాభం అంటారు కదా. మిగతావాళ్లు నాలుగు పిక్కలు జరిపేసరికి ఏడు దాకా చదివేస్తుంటే, వీడు మాత్రం పిక్క కింద పెట్టాకే మాట అనేవాడు. కుంచం బోర్లించాకే మాట పలకడం చూశాడు మరి. ఆ రోజు నుంచి మా క్లాసులో ఏది లెక్కపెట్టినా జరిపి, కింద పెట్టి, అప్పుడే మాట. మీరూ ఇదే పెట్టుకోండి. వరసగా అంటించిన బొమ్మల మీద వేలు జారుతుంది. చేత్తో ఇటు నుంచి అటు జరిపే వస్తువైతే ఏది లెక్కపెట్టామో, ఏది మిగిలిందో కంటికి తెలుస్తుంది. చిన్న జాగ్రత్త: మూడేళ్ల లోపు పిల్లలుంటే చింతపిక్కలు, శనగలు వద్దు. ముక్కులో దూర్చుకుంటారు. నేను ఒకసారి ఆర్ఎంపీ దగ్గరికి పరిగెత్తాను.

ఇప్పుడు భాష సంగతి. మీరు అడగలేదు గానీ నాకు ఇది ముఖ్యం అనిపిస్తుంది. మీ బాబు ఇంగ్లిష్‌లో లెక్కపెడతాడు, ఇంట్లో తెలుగు. ఏ భాషలో నేర్చుకున్నా సంఖ్య సంఖ్యే, అందులో సందేహం లేదు. కానీ పది దాటాక తెలుగు చేసే సాయం ఇంగ్లిష్ చేయదు. పదమూడులో పది ముందు, మూడు తర్వాత. పద్నాలుగు, పదహారు, పదిహేడు అన్నీ అంతే. 14 అని రాసినప్పుడు కూడా ఒకటి ముందు, నాలుగు తర్వాత. ఇంగ్లిష్‌లో ఫోర్‌టీన్ అంటే ముందు ఫోర్ వినిపిస్తుంది, అందుకే పిల్లలు 41 రాస్తారు. పదకొండు, పదిహేనుల్లో మాత్రం ఒకటి, ఐదు సరిగ్గా వినిపించవు. ఒకటికి ఒండు, ఐదుకు ఏను అనే పాత మాటలు వాటిలో దాక్కున్నాయి. ఇరవై దాటితే ఇక బాదరబందీ లేదు. ఇరవై మూడు, ముప్పై మూడు, నలభై మూడు అంటూ అన్నీ ఒకే అచ్చు. హిందీలో అయితే ఇరవై తొమ్మిదిని కూడా "ముప్పైకి ఒకటి తక్కువ" అనే అర్థం వచ్చేలా వేరే మాటతో అంటారు, దాదాపు నూరు దాకా విడివిడిగా బట్టీ పట్టాల్సిందే. మనకు ఆ కష్టం లేదు. తెలుగులో ఇబ్బంది పదుల దగ్గరే. యాభైని కొందరు ఏభై అంటారు, పిల్లలకది ఏడు పదుల్లా వినిపిస్తుంది. డెబ్బైలో ఏడు ఎక్కడుందో వాళ్లకు అంతు పట్టదు. అక్కడ కాస్త ఆగి చెప్పాలి.

మనుషుల్ని లెక్కపెట్టేటప్పుడు ఇంకో తమాషా. రెండు కుర్చీలు, ఇద్దరు మనుషులు. మూడు బండ్లు, ముగ్గురు తాతయ్యలు. "మన ఇంట్లో ఎన్ని?" అనం, "ఎంతమంది?" అంటాం. పాలు "ఎన్ని" కావు, "ఎంత". ఇంగ్లిష్ మీడియం పిల్లలు "మూడు అమ్మమ్మలు వచ్చారు" అంటే నవ్వేస్తాం. నవ్వకుండా "అవును, ముగ్గురు అమ్మమ్మలు" అని తిరిగి అనండి చాలు. ముగ్గురిలోనూ మూడు గుక్కిళ్లలోనూ మూడు చపాతీలలోనూ ఉన్నది ఒకటే మూడు అని తెలియడం చిన్న సంగతి కాదు.

తర్వాత లెక్కపెట్టకుండా చూడటం. రెండు, మూడు వస్తువుల్ని మనం లెక్కపెట్టం, చూడగానే తెలుస్తాయి. నాలుగు దగ్గర తడబాటు మొదలవుతుంది. ఆరు, ఏడు చూడగానే తెలియాలంటే వాటికో ఆకారం ఉండాలి. పాచిక మీద ఐదు చుక్కలు చూడగానే ఐదు అంటాం, ఎప్పుడో లెక్కపెట్టి ఉంటాం. దీనికి నా సామాను కోడిగుడ్ల ట్రే. కిరాణా కొట్లో అట్ట ట్రే పారేస్తారు, అడిగితే ఇస్తారు. ముప్పై గుంటలు ఉంటాయి, ఆరు వరసలు, వరసకు ఐదు. కత్తెరతో రెండు వరసలు కత్తిరించండి. ఐదూ ఐదూ పది గుంటలు. అందులో నిమ్మకాయలో బాటిల్ మూతలో వెయ్యమనండి, ఎప్పుడూ పై వరస నిండాకే కింద వరస. ఏడు వేశాక అడగండి: ఎన్ని ఉన్నాయి? పై వరస నిండింది, కింద రెండు. ఎన్ని ఖాళీ? మూడు. ఒక్క మాటలో ఐదూ రెండూ ఏడు, ఏడూ మూడూ పది అన్నీ వచ్చేశాయి. కూడిక అని పేరు కూడా పెట్టలేదు మనం. ఒకటో తరగతిలో నేను ఆరు నెలలు ఈ ట్రేతోనే గడిపాను. పిల్లలకు విసుగు పుట్టలేదు, నాకే పుట్టింది.

చేతి వేళ్లు కూడా అంతే. వేళ్ల మీద లెక్కపెడితే తప్పు అని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. వాళ్ల మాట వినకండి. ఒక చెయ్యి మొత్తం చాపితే ఐదు, మళ్లీ లెక్కపెట్టక్కర్లేదు. ఒక చెయ్యి, ఇంకో వేలు ఆరు. మన పెద్దవాళ్లు బొటనవేలితో గణుపులు తాకుతూ లెక్కపెడతారు. అది ఎక్కువ సంఖ్యలకు బాగుంటుంది గానీ మొదట్లోనే నేర్పితే చేతిలోని ఆ ఐదు కనపడకుండా పోతుంది. గణుపులు తర్వాత.

ఆటల దగ్గరికి వస్తే, ఖరీదైన బొమ్మల మీద డబ్బు పెట్టకండి. చాక్‌పీసుతో నేల మీద వరసగా పది గడులు గీసి, 1 నుంచి 10 రాయండి. పాచిక ఒకటి చాలు, కానీ మొదట్లో 1, 2 మాత్రమే పడేలా కాగితం అంటించండి. ఇందులో ఒక కిటుకు ఉంది. మూడో గడిలో ఉండి రెండు పడితే, పిల్లలు "ఒకటి, రెండు" అంటూ కదులుతారు. అలా కాకుండా గడిలో ఉన్న సంఖ్యను చదువుతూ "నాలుగు, ఐదు" అని కదపాలి. సీగ్లర్, రమణి అనే ఇద్దరు 2008లో అమెరికాలోని పేద కుటుంబాల పిల్లలతో ఇలాంటి ఆటే ఆడించారు. రెండు వారాల్లో నాలుగుసార్లు, ఒక్కోసారి పావుగంట. సంఖ్యలున్న గడుల మీద ఆడిన పిల్లలకు ఏది పెద్దది, ఏది ఎక్కడుంటుంది అన్న అంచనా బాగా పెరిగింది. గడుల్లో సంఖ్యలకు బదులు రంగులు పెట్టి ఆడిన పిల్లలకు అది రాలేదు. అమ్మమ్మ ఇంట్లో ఉంటే నాలుగు గవ్వలతో అష్టాచెమ్మా కూడా ఆడించొచ్చు. పడిన గవ్వల్ని చూడగానే ఎన్ని వెల్లకిలా పడ్డాయో చెప్పేయాలి కాబట్టి కన్ను చురుగ్గా తయారవుతుంది. పిల్లలందరూ చేసే తప్పు ఒకటుంటుంది, కాయ నిలబడ్డ గడినే ఒకటి అనేస్తారు. తిట్టకండి. "ఇది నువ్వు ఉన్న ఇల్లు, నడక బయటికి అడుగు పెట్టాక మొదలు" అంటే సరిపోతుంది.

సంక్రాంతి నెలలో అయితే ముగ్గు కంటే మంచి లెక్కల పుస్తకం లేదు. ఐదు చుక్కలు, ఐదు వరసలు. చుక్కలు వాణ్ని పెట్టమనండి, గీతలు మీరు కలపండి. వంకరగా వస్తే రానివ్వండి, ఎన్ని పెట్టాడో అదే చూడండి. సందు చుక్క పెట్టి ఒక్కో వరస తగ్గించుకుంటూ పోవడం ఐదారేళ్లకు వస్తుంది.

ఒక హెచ్చరిక. ఎవరో వీడియోలో చూపించారని, రెండు వరసల్లో సమానంగా నాణేలు పేర్చి, ఒక వరసను ఎడంగా జరిపి "ఏది ఎక్కువ?" అని అడిగి, వాడు పొడుగు వరస చూపించాడని బాధపడకండి. ఆరేడేళ్ల దాకా చాలామంది అదే చెప్తారని పియాజే అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఎప్పుడో చెప్పాడు. పైగా పెద్దవాళ్లు పని గట్టుకుని జరిపి మళ్లీ అడిగితే, ఏదో మారి ఉంటుంది కాబోలు అని జవాబు మార్చేస్తారు. 1974లో ఇద్దరు పరిశోధకులు ఆ నాణేల్ని ఒక కొంటె బొమ్మ చేత చెదరగొట్టిస్తే, చాలామంది పిల్లలు సరిగ్గానే చెప్పారు. మనం అడిగే తీరులోనూ తప్పుంటుంది.

ఇక రాయడం. స్కూల్ వాళ్ల మీద మీకు కోపంగా ఉన్నట్టుంది. టీచర్‌ని అనకండి, ఆవిడ మీద కూడా నోటుబుక్కులు నింపమనే ఒత్తిడి ఉంటుంది. కానీ రోజుకో పేజీ మాత్రం ఒప్పుకోకండి. నాలుగేళ్ల చేతికి పెన్సిల్ పట్టు ఇంకా కుదరదు. 3, 7 తిప్పి రాయడం ఆరేళ్ల దాకా మామూలే. ఐదు అంటే ఎంతో తెలియని పిల్లవాడు 5 అని ఇరవైసార్లు రాస్తే వాడికి అది ఒక బొమ్మ, అంతే. మర్యాదగా ఒక మాట చెప్పండి: 2022లో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రంలోనే మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు పాఠ్యపుస్తకాలు అక్కర్లేదని ఉంది. 2021లో మొదలైన నిపుణ్ భారత్ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం కూడా లెక్కల్లో పునాదికి గడువు మూడో తరగతి చివర అనే పెట్టుకుంది, ఎల్‌కేజీ అని కాదు. ఇంట్లో రాయించాలని ఉంటే పళ్లెంలో బియ్యం పోసి వేలితో దిద్దించండి. అక్షరాభ్యాసం రోజు చేయించిందే. చెరిపేసి మళ్లీ రాయొచ్చు, తప్పుకు గుర్తు మిగలదు.

యాప్‌లు అడిగారు. తెర మీద ఐదు ఆపిల్స్‌ను నొక్కితే అదే "ఫైవ్!" అని అరుస్తుంది. లెక్కపెట్టింది ఫోను, వీడు కాదు. నాకు వాటితో పేచీ అదొక్కటే. ఎక్కాలు ఇప్పుడే వద్దు.

ఐదేళ్లు నిండాక కూడా మూడు వస్తువులు అడిగితే గుప్పెడే ఇస్తుంటే, మీరు ఆటగా రోజూ చేయించినా కొన్ని నెలల పాటు కదలిక లేకపోతే, అప్పుడు పిల్లల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ముందు చెవి, కన్ను చూపించండి. మా బడిలో లెక్కలు రావనుకున్న ఒక పిల్లకు చెవిలో చీము, సగం మాటలు వినపడేవే కావు.

మీ బాబు విషయానికి, ఈ నెల అంతా ఒక్క పనే పెట్టుకోండి. నూరు చెప్పించడం ఆపమనను, వాడికి సరదా అయితే చెప్పుకోనివ్వండి. కానీ రోజుకు రెండు మూడుసార్లు ఏదో ఒకటి "ఇన్ని తీసుకురా" అని అడగండి, నాలుగు దాటకుండా. వచ్చే నెలలో చెంచాలు మళ్లీ అడిగి ఎన్ని తెచ్చాడో ఇక్కడే రాయండి. ఐదుకు బదులు ఆరు తెస్తే వెంటనే సరిదిద్దకండి. వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, డబ్బాలోంచి ఒక్కొక్కటీ తీసి లెక్కపెడుతున్నాడా, చేతికందినన్ని లాగేస్తున్నాడా చూడండి. ఆ సంగతి కూడా రాయండి.